తల్లి పేరొక్కటే అడిగే మిషను

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని లోకం చాలామందిని చూసింది. వాసానికి చెద ఎక్కడ పట్టిందో కనిపెట్టి, రెండేళ్ళు నోరు కుట్టుకుని కూర్చుని, ఇల్లు కూలేరోజున గొడుగు వేసుకుని తీరిగ్గా వచ్చి నిలబడ్డవాణ్ణి మాత్రం పిపెట్టునొక్కణ్ణే చూసింది. బొటనవేలు ఈ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంటాడు. అందులో తన పాలు ఎంతో మాత్రం చెప్పడు. అది మనం చెప్పుకుందాం.

పిపెట్టంటే బొటనవేలు భార్యకి తమ్ముడు. చేపలశాఖ ల్యాబులో ఉద్యోగం. చేప రెక్క ముక్క ఒకటి తెచ్చిస్తే, దాన్ని మందుల్లో కరిగించి, పిపెట్టు అనే సన్నటి గొట్టంతో చుక్క పీల్చి, చుక్క వదిలి, మిషన్లో పెట్టి, ఇది ఫలానా చేప అని కాగితం తీస్తాడు. ఆ పేరు పెట్టింది బావే. "రోజంతా చుక్క పీల్చడం, చుక్క వదలడం. దోమ కూడా ఇంతకంటే పెద్ద ఉద్యోగం చేస్తుంది" అన్నాడొకసారి పదిమందిలో. పదిమందీ నవ్వారు. పేరు నిలిచిపోయింది.

బొటనవేలుకి ఆ పేరు పెట్టింది చేపల మార్కెట్టు. ఏడో తరగతి మధ్యలో పుస్తకాల సంచి చెరువుగట్టు మీద పడేసి నీళ్ళలోకి దిగినవాడు మళ్ళీ బడి మొహం చూడలేదు. నలభై ఏడేళ్ళొచ్చాయి. చేప తల వెనక బొటనవేలు ఆనించి ఒక్కసారి నొక్కి వదిలితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పేవాడు. కొనుగోలుదార్లు గంపలు దించుకుని ఆయన వేలికోసం కాచుకుని నిలబడేవారు.

ఆ చుట్టుపక్కల అందరూ పెంచేది మీసాల చేప. పొలుసుండదు. నల్లగా, చేతికి చిక్కకుండా జారుతుంది. నీళ్ళు లేకపోయినా గాలి పీల్చుకుంటూ గట్టు మీద గంటలకొద్దీ పాకుతుంది. అందులో రెండు రకాలు. ఒకటి నాటుది. ఏడాది పెంచినా చేతికి నిండదు గానీ రుచికి రుచి, ధరకి ధర. రెండోది పైరకం, ఎవరో ఎక్కడినుంచో తెచ్చి వదిలింది. ఆరునెలల్లో మోచెయ్యంత అవుతుంది. చెరువులో ఉన్న మిగతా చేపల్ని తింటుంది, అవి అయిపోతే తన పిల్లల్నే తింటుంది. అందుకని దాన్ని నిషేధించారు. ఎవరి దగ్గర దొరికినా చెరువులో ఉన్నదంతా గోతిలో పూడ్చాల్సిందే.

నిక్కమైన నాటుదీ, నిక్కమైన పైదీ పక్కపక్కన పెడితే గుడ్డివాడైనా చెప్తాడు. రెండింటికీ కలిపి పుట్టించిన దాని దగ్గరే చిక్కంతా. దాని గుట్టు తల వెనక ఎముకలో ఉంటుంది. నాటుదానికి ఆ ఎముక నున్నగా ఒకే గుండ్రం. పైదానికి మధ్యలో నొక్కు పడి రెండు గుట్టలు. కలగలుపుదానికి ఉందా లేదా అన్నట్టు చిన్న సొట్ట. ఆ సొట్ట కంటికి కనబడదు. వేలికి తగలాలి, ఆ వేలు బొటనవేలుదై ఉండాలి.

ఆయనకి ఒక అన్న ఉన్నాడు. మెత్తన్న అంటారు. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ, ఈ మెత్తన్న చేత మొత్తించుకోనివాడు ఆ గట్ల మీద లేడు. తండ్రి పోయాక చెరువులు చెరిసగం పంచుకున్నారు. మధ్యలో ఒకే గట్టు. ఇవతల తమ్ముడి చేపపిల్లల కేంద్రం, అవతల అన్నది. ఇద్దరూ చేపపిల్లలు పుట్టించి పెంపకందార్లకి అమ్మేవాళ్ళే.

మీసాల చేపని పుట్టించడం ముద్దుగా సాగే పని కాదు. తల్లికి ఇంజక్షన్ పొడుస్తారు. పదహారు గంటలకి పొట్ట నొక్కితే గుడ్లు పళ్ళెంలోకి ధారగా దిగుతాయి. తల్లి బతుకుతుంది, మళ్ళీ చెరువులోకి పోతుంది. తండ్రి పొట్ట నొక్కితే ఏమీ రాదు. కాబట్టి తండ్రిని కొయ్యాలి. పొట్ట చీల్చి, లోపలి తెల్లటి తిత్తులు తీసి, గుడ్డలో వేసి ఉప్పునీళ్ళలో పిండి, ఆ నీళ్ళు గుడ్ల మీద పోసి కోడి ఈకతో కలుపుతారు. తండ్రి కళేబరం కుక్కలకి. పిల్లలు కళ్ళు తెరిచేసరికి తండ్రి ఆనవాలు లోకంలో ఉండదు.

మెత్తన్న కనిపెట్టింది ఈ సందే. తల్లులు నాటువి పెట్టుకున్నాడు. ఎవరొచ్చి చూసినా చెరువులో తిరిగేవి నాటు తల్లులే. తండ్రుల్ని మాత్రం చాటుగా పైరకంవి తెప్పించి, కోసి, పిండి, పారేసేవాడు. పుట్టిన పిల్లలు నాటు మొహంతో పైరకం పొట్ట వేసుకుని దూకుడుగా పెరిగేవి. వాటినే నాటు పిల్లలని అమ్మాడు. మూడేళ్ళలో కొనేవాళ్ళందరూ గట్టు దాటి అన్న వైపు పోయారు. తమ్ముడి గట్టు మీద గంపలు దించేవాడు లేడు.

బొటనవేలుకి తెలుసు. అన్న చెరువులో ఒక పిల్లని పట్టి వేలు పెడితే సొట్ట తగిలింది. తెలిసి ఏం లాభం? వేలు చెప్పిన సాక్ష్యం ఏ ఆఫీసులో చెల్లుతుంది?

అప్పుడే బార్‌కోడు మాట చెవిన పడింది.

"సబ్బు పెట్టె మీద నల్లగీతలుంటాయి చూడండి బావా, అలాంటిదే. ప్రతి జీవిలోనూ ఆరువందల యాభై అక్షరాల ముక్క ఒకటి ఉంటుంది. రకం మారితే అక్షరాలు మారతాయి. మా మిషను ఆ అక్షరాలు చదివి, పట్టీలో ఉన్నవాటితో సరిచూసి, ఏ రకమో చెప్తుంది" అన్నాడు పిపెట్టు, అక్క వడ్డిస్తుంటే పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"తప్పు చెప్పదా?"

"అడిగిందానికి తప్పు చెప్పదు."

బొటనవేలు ఆ మాటని పూర్తిగా మింగేశాడు. అందులో ముల్లుందేమో అని నాలుకతో వెతకలేదు. చేపలవాడై ఉండి.

ఇంకో రెండు రోజులకి అన్నదమ్ములిద్దరూ గట్టు మీద ఎదురుపడ్డారు. తమ్ముడి చేతిలో చేపలశాఖకి రాయించిన ఫిర్యాదు ఉంది.

"ఇంటి గొడవ ఇంట్లో పెట్టుకోవాలిరా తమ్ముడూ. ఆఫీసులకెక్కితే నవ్విపోతారు" అన్నాడు మెత్తన్న.

"నవ్వేవాళ్ళు ఇప్పటికే నవ్వుతున్నారన్నయ్యా. నువ్వమ్మే పిల్లల్ని చూసి చేపలే నవ్వుతున్నాయి. ఫిర్యాదు ఎలాగూ ఇస్తా. దానితోపాటు మనిద్దరి మధ్య కాగితం రాసుకుందాం. నీకు దమ్ముంటే."

"ఏం కాగితం?"

"రెండు వైపులా చేపల్ని పరీక్ష చేయిద్దాం. ఎవడి చేప పైరకమని తేలితే వాడు తన వాటా రెండోవాడికి రాసిచ్చి, కట్టుబట్టలతో గట్టు దిగాలి."

మెత్తన్న చాలాసేపు నీళ్ళవైపు చూశాడు. "కోపంలో ఉన్నావు. రెండు రోజులు ఆలోచించుకుని సంతకాలు పెడదాం" అన్నాడు.

బొటనవేలు దాన్ని భయమనుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో "గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకుంటున్నాడే" అని నవ్వాడు. మూడోరోజు మెత్తన్న చక్కగా ఉతికిన చొక్కా వేసుకుని దస్తావేజుల రైటరు గదికి తమ్ముడికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

రైటరు అంతా రాసి చదివి వినిపించాక బొటనవేలు ఇంకో వాక్యం చేర్పించాడు. రేపు ఫలితం వచ్చాక అన్న పదిమందిని పోగేసి, చేపల్ని చూపించి, ఇవి నాటువిలా లేవా అని నాటకమాడతాడేమోనని ఆయన అనుమానం. "కంటిచూపు, చేతిపరీక్ష ఏవీ చెల్లవు. మిషను ఇచ్చిన ఫలితమే ఆఖరు. అలాగే రాయి."

రైటరు కలం ఆపి, "చేతిపరీక్ష చెల్లదని నువ్వే రాయిస్తున్నావా?" అని అడిగాడు.

"నా వేలు నాకు చాలు. కాగితానికి మిషను కావాలి."

రైటరు రాశాడు. మెత్తన్న మారుమాట లేకుండా సంతకం పెట్టి, కలాన్ని తమ్ముడివైపు మర్యాదగా తిప్పి అందించాడు.

ఫిర్యాదు మీద ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. వెంట పిపెట్టు, చేతులకి తొడుగులు, చిన్న కత్తెర, ఆల్కహాలు పోసిన సీసాల పెట్టెతో. ఒక్కో వైపు పది చేపలు. పట్టడం, రెక్క అంచున గోరంత ముక్క కత్తిరించడం, సీసాలో వెయ్యడం, మూత మీద నంబరు రాయడం, అటువైపు యజమాని చేత సంతకం పెట్టించడం. ఎండ నెత్తిమీదికొచ్చింది.

బొటనవేలుకి ఆరోజు పండగలా ఉంది. పనివాళ్ళు, పెంపకందార్లు ఇరవైమంది దాకా గట్టు మీద చేరారు. నోరు ఊరుకోలేదు.

"మేడమ్, ఈ పిల్లాడు నా అన్నం తిని పెరిగాడు. చేప గిలగిల్లాడితే ఏడ్చేవాడు. ఇప్పుడు చూడండి, డాక్టరులా తొడుగులు!"

ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంటూనే, "మీ బావమరిదా?" అంది.

"సగం బావమరిది. మా అత్తగారిది రెండు కాపురాలు మేడమ్. మా ఆవిడ మొదటి కాపురం సరుకు. వీడు రెండోది. ఆ రెండోవాడెవరో ఊరూ పేరూ లేదు, వచ్చినదారినే పోయాడు. చూపుకి ఇద్దరూ ఒకేలా ఉంటారు. తల వెనక వేలు పెడితే గానీ కల్తీ తెలీదు!"

గట్టంతా గొల్లుమంది. ఎవరో "పెట్టి చూడన్నా" అన్నారు. బొటనవేలు నిజంగానే పిపెట్టు మెడ వెనక వేలు పెట్టి నొక్కి, "సొట్టే!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. షెడ్డులో మేత కలుపుతున్న భార్య చెయ్యి ఆగిందని ఎవరూ చూడలేదు. మెత్తన్న మాత్రం నవ్వలేదు. పిపెట్టు మెడ మీది తడి తుడుచుకోకుండానే ఏడో సీసా మీద ఏడు అని గుండ్రంగా రాశాడు.

ఇదేమీ కొత్త కాదు. తల్లి పోయాక ఎనిమిదేళ్ళ వయసులో అక్క ఇంటికొచ్చాడతను. ఇరవై రెండేళ్ళు. కంచం ముందు కూర్చున్న ప్రతిపూటా వాడి తండ్రి ఊసు ఒక్కసారైనా వచ్చేది, ఉప్పు వచ్చినట్టు. బొటనవేలు దాన్ని వేళాకోళం అనేవాడు. అన్నం పెట్టాను, చదివించాను, ఇల్లు విడిచి పొమ్మనలేదు, నాలుగు మాటలంటే ఏం పోయింది అనేవాడు. అన్నం పెట్టినమాట నిజమే. చదివించినమాటా నిజమే.

పందొమ్మిదో రోజున ల్యాబుకి రమ్మని కబురొచ్చింది.

ల్యాబంటే బొటనవేలు ఏదో అనుకున్నాడు. తీరా చూస్తే చల్లటి ఇరుకుగది. మూలన రెండు ఫ్రిజ్‌లు గురకపెడుతున్నాయి. బల్ల మీద రొట్టెల పెట్టె సైజులో మిషను. దాని పక్కనే ఎవరిదో సగం తాగిన టీ. గోడకి చేపల బొమ్మల చార్టు. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో ఉంది. మెత్తన్న కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పిపెట్టు రెండు కాగితాలు బల్ల మీద పరిచాడు.

"పెద్దబావ చెరువు, పదికి పది నాటు రకం. తొంభై తొమ్మిది పాయింట్ ఆరు శాతం కలిసింది." రెండో కాగితం ముందుకి జరిపాడు. "బావా, మీ చెరువు. పదికి పది పైరకం. తొంభై తొమ్మిది పాయింట్ నాలుగు."

బొటనవేలు ముందు నవ్వాడు. "సీసాలు తారుమారు చేశావురా, వెధవా. అటువి ఇటు, ఇటువి అటు."

"ప్రతి మూత మీదా అటువైపు యజమాని సంతకం ఉంది. మీ చేపల సీసాల మీద పెద్దబావది, ఆయన చేపల వాటి మీద మీది. చూసుకోండి."

చూసుకున్నాడు. పది సీసాలూ తిప్పి తిప్పి చూశాడు. తన వంకర సంతకం తనకి తెలియకపోదు.

"మళ్ళీ చెయ్యి."

"రెండుసార్లు చేశాను. మేడమ్ ముందే."

ఇన్‌స్పెక్టరమ్మ తలూపింది. ఆవిడకి ఈ ఇంటి గొడవలు తెలీవు. ముఖంలో కాస్త జాలి ఉంది. "చట్టప్రకారం మూడు రోజుల్లో స్టాకంతా పూడ్చాలి. మీ ఎదురుగానే చెయ్యాలి. సంతకం పెట్టండి" అని కాగితం జరిపి, ఫోను మోగితే బయటికి వెళ్ళింది.

బొటనవేలు కుర్చీ కోసం చెయ్యి చాపాడు. పిపెట్టే లాగి వేశాడు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు.

"నా చేప నాటుది" అన్నాడు బొటనవేలు.

"నాటుదే బావా."

"ఏంటీ?"

"మీది నాటుదే అంటున్నాను. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకి పైనే. కానీ మిషను అడిగేది అది కాదు. ఆ ఆరువందల యాభై అక్షరాల ముక్క తల్లి నుంచే వస్తుంది. తండ్రిది పిల్లలోకి రాదు. తల్లి, తల్లికి తల్లి, ఆవిడకి తల్లి, అలా వెనక్కి పోతుంది. మా మిషను తల్లి పేరొక్కటే అడుగుతుంది. పెద్దబావ తల్లులు నాటువి. తండ్రులెవరన్నది మిషనుకి అక్కర్లేదు."

"మరి నావి..."

"పద్నాలుగేళ్ళ కిందట వరదొచ్చి గట్లన్నీ తెగాయి. నీళ్ళు తీసేక మీ చెరువులో పెద్దపొట్టది ఒకటి దొరికింది. గుడ్లమ్మ అని పేరు పెట్టుకున్నారు. గుర్తుందా? అంత గుడ్లిచ్చే తల్లి ఎక్కడా లేదని దాని కూతుళ్ళనే, కూతుళ్ళ కూతుళ్ళనే తల్లులుగా ఉంచారు. మిగతావాటిని తీసేశారు. అది కలగలుపుది బావా. దాని తల్లి పైరకం."

బొటనవేలుకి గుర్తుంది. ఆ రోజు దాని తల వెనక వేలు పెట్టాడు. ఏదో తగిలింది. సొట్ట అనిపించిందో లేదో అన్నంత. కానీ ఆ పొట్ట! రెండు చేతులకీ సరిపోని పొట్ట. దెబ్బ తగిలి ఉంటుందిలే అనుకున్నాడు. మళ్ళీ వేలు పెట్టి చూడలేదు. చూస్తే వదులుకోవాల్సి వస్తుందని చూడలేదు.

"ఆ తర్వాత ఏటా మీరు చిత్తడికి పోయి అసలు సిసలు నాటు మగవాటినే పట్టుకొచ్చి కలిపారు. తరం తరానికీ పైరకం పాలు సగమవుతూ వచ్చింది. ఇప్పటికి ఏడు తరాలు. రెండొందల యాభై ఆరు పాళ్ళలో ఒక్క పాలు మిగిలింది. ఇంత శుద్ధమైన చేప ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. కష్టపడ్డారు." పిపెట్టు గొంతులో వెటకారం లేదు. లేకపోవడమే భరించలేకుండా ఉంది. "కానీ తల్లి పేరు మారదు."

"నీకెప్పుడు తెలుసు?"

"మిషను కొత్తగా వచ్చినప్పుడు చేతి అలవాటుకి మీ చెరువులో చచ్చిన చేపల రెక్కలు తెచ్చి చేసేవాణ్ణి. రెండేళ్ళయింది."

"రెండేళ్ళు! ఒక్కమాట చెప్పకూడదురా? తల్లుల్ని మార్చేసుకునేవాణ్ణి కదరా!"

"మీరు అడగలేదు. కాగితం రాసుకునే ముందు రోజు పెద్దబావ వచ్చి అడిగారు. ఆయనకి చెప్పాను."

కిటికీ దగ్గర మెత్తన్న గొంతు సవరించుకున్నాడు. "అడిగితే చెప్పాడురా. మంచి కుర్రాడు."

బొటనవేలు లేచి పిపెట్టు కాలరు పట్టుకున్నాడు. అతను విడిపించుకోలేదు. ముఖం దగ్గరగా పెట్టి, పక్కనున్నవాడికి వినపడనంత నెమ్మదిగా అన్నాడు. "నా రెక్క ముక్కా, మా అక్క రెక్క ముక్కా సీసాల్లో వేసి ఇదే మిషన్లో పెట్టండి బావా. ఒక్క అక్షరం తేడా రాదు. ఒకే సరుకు. మీ బొటనవేలికి తెలిసింది కాదు ఆ సంగతి."

ఇన్‌స్పెక్టరమ్మ చెప్పుల చప్పుడు వినిపించి బొటనవేలు కాలరు వదిలాడు. తండ్రివైపు కూడా చూసే పరీక్ష ఉందా అని ఆవిణ్ణి అడిగాడు. ఉందంది. పెద్ద ల్యాబుకి పంపాలి, నాలుగు నెలలు పడుతుంది, లైసెన్సున్న కేంద్రం వాళ్ళే దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ రిపోర్టుతో ఆయన లైసెన్సు ఈ ఉదయమే రద్దయింది. అయినా మూడు రోజుల గడువు ఆగదు.

"అయితే మా అన్న చేపల్ని ఒక్కసారి చేత్తో పట్టుకు చూడండి మేడమ్. తల వెనక వేలు పెట్టండి, సొట్ట మీకే తెలుస్తుంది."

మెత్తన్న జేబులోంచి కాగితం తీసి మడత విప్పి, తమ్ముడు చేర్పించిన వాక్యం మీద వేలుంచాడు. చదవలేదు. వేలు అలా ఉంచాడంతే.

ఇంటికొచ్చి బొటనవేలు భార్య ముందు కూలబడ్డాడు. కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు. "నువ్వు వెళ్ళి అడుగు. నీ మాటంటే వాడికి వేదం. రిపోర్టులో రాయొచ్చట, ఈ పరీక్ష సరిపోదని, ఇంకో పరీక్ష కావాలని. ల్యాబువాడు ఒక్క ముక్క రాస్తే గడువు ఆపుతారట. దారిలో ఆఫీసు గుమాస్తా చెప్పాడు. ఒక్క ముక్కే."

ఆవిడ పొయ్యి ఆర్పింది. చీర మార్చుకుంది. వెళ్ళింది. రెండు గంటలకి తిరిగొచ్చి, చెప్పులు గుమ్మం పక్కన సర్ది పెట్టి, లోపలికొచ్చి కూర్చుంది.

"ఏమన్నాడు?"

"నన్ను నిర్ణయించమన్నాడు. కాగితం ముందు పెట్టి, రాయమంటే రాస్తానక్కా, వద్దంటే మానేస్తాను, నువ్వేం చెబితే అదే అన్నాడు."

"అబ్బ!" బొటనవేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రాసేశాడన్నమాట."

"వద్దన్నాను."

బొటనవేలు కళ్ళొత్తుకుని, సరిగ్గా విన్నానా అన్నట్టు ఆవిడ మొహంలోకి చూశాడు.

"వాడి పుట్టుక ఎత్తిన ప్రతిసారీ మీరు వాణ్ణే అన్నాననుకున్నారు" అంది ఆవిడ. కోపంగా కాదు, కూరలో ఏం వెయ్యాలో చెప్పినట్టు. "ఇద్దరం ఒక కడుపునే పుట్టాం. ఆవిడెవరితో కాపురం చేసిందో, ఎందుకు చేసిందో మీకేం తెలుసు? నాకు అన్నం పెట్టడానికి చేసింది. మొన్న గట్టు మీద ఇరవైమందిలో వాడి మెడ మీద వేలు పెట్టారు. అది మా అమ్మ మెడే."

"చెరువులు పోతే నువ్వేం తింటావే, పిచ్చిదానా? నీకూ కూడేగా పోయేది!"

"తమ్ముడు రమ్మన్నాడు. ఒక గది ఇస్తాడట. మీ గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు."

చెయ్యెత్తాడు. ఆవిడ కదల్లేదు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలీక తల గోక్కున్నాడు.

మూడో రోజు పొద్దున జేసీబీ వచ్చింది. చెరువు పక్కన నిలువులోతు గొయ్యి తీసింది. నీళ్ళు తోడేశారు. వల లాగారు. నూట పద్దెనిమిది తల్లులు, చిత్తడినుంచి తెచ్చిన నలభై మగవి, తొట్లలో ఉన్న పిల్లలు లెక్కకందనివి. ఇన్‌స్పెక్టరమ్మ పట్టీ పట్టుకుని నిలబడింది. యజమాని చేత్తోనే వెయ్యాలని రూలు లేదు గానీ, కూలీలు ఆ జారుడు చేపల ముల్లు పోట్లకి జంకారు. బొటనవేలే వేశాడు. ఒక్కొక్కటే.

మిగతా చేపలైతే గట్టు మీద పది నిమిషాల్లో పోతాయి. ఇవి పోవు. గాలి పీలుస్తాయి. గోతిలో ఒకదానిమీద ఒకటి ఎక్కి, గోడలు పట్టుకుని పాకి పైకొచ్చాయి. బొటనవేలు వాటిని మళ్ళీ కాలితో తోశాడు. సున్నం చల్లారు. అప్పుడవి అరిచాయంటే మీరు నమ్మరు. ఆ జాతికి ఒక కిచకిచ ఉంటుంది, రెక్కల కీళ్ళ దగ్గరనుంచి వస్తుంది. నూట యాభై ఎనిమిది పెద్దవి ఒక్కసారి అలా చేస్తే ఎలా ఉంటుందో ఆ గట్టు మీద నిలబడినవాళ్ళకే తెలుసు. ఇన్‌స్పెక్టరమ్మ మొహం తిప్పుకుంది.

చివరి తల్లిని వేసేముందు బొటనవేలు దాని తల వెనక వేలు పెట్టాడు. నున్నగా, ఒకే గుండ్రం. సొట్ట లేదు.

"పాపం, చూస్తే అచ్చం నాటుదిలాగే ఉందిరా" అన్నాడు గట్టు మీదినుంచి మెత్తన్న.

జేసీబీ మట్టి కప్పింది. కప్పిన మట్టి చాలాసేపు కదిలింది. డ్రైవరు రెండుసార్లు ముందుకీ వెనక్కీ నడిపి తొక్కించాడు.

అంతా అయ్యాక మెత్తన్న దగ్గరకొచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. ఎంత మెత్తటి చెయ్యో. "ఎక్కడికీ పోకురా. షెడ్డులో పడుకో, తోడబుట్టినవాడివి. నాకు మగవాటిని కోసేవాడు సరిగ్గా దొరకట్లేదు. నువ్వైతే ఒక్క కోతకి తిత్తి చిట్లకుండా తీస్తావు. రేపే ఒక లాటు వస్తోంది. పైరకంవి, బలంగా ఉన్నాయట."

తెల్లారి బొటనవేలు కత్తి పట్టుకుని అన్న షెడ్డు ముందు నిలబడ్డాడు. వేరే పని రాదు.

ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రేషను. సాక్షి సంతకాలు రెండు కావాలన్నారు. ఒకటి రైటరు పెట్టాడు. రెండోది భార్య పెట్టింది. పెట్టి తమ్ముడి స్కూటరెక్కి వెళ్ళింది. బొటనవేలు అన్నిచోట్లా సంతకం పెట్టాక, అక్కడి గుమాస్తా సిరాపెట్టె జరిపి ఎడమచేతి బొటనవేలు ముద్ర కూడా వెయ్యమన్నాడు. వేసి, ఆ వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలీక లుంగీకి రాసుకున్నాడు. గుమాస్తా అలవాటుగా ఆస్తి వివరం పైకి చదివాడు: తూర్పుగట్టు నుంచి కాలవ తూము దాకా, మూడు చెరువులు, ఆరు సిమెంటు తొట్లు, షెడ్డు కింది జాగా, కొత్తగా పూడ్చిన గొయ్యితో సహా, మొత్తం రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు.